తాళం వేసిన ఇల్లూ లెక్కలోకే: ఎంఏ ప్రాజెక్టు కోసం ఊళ్లో సర్వే చేసే పద్ధతి

గ్రామీణ సమాజశాస్త్రం ఒక పేపరు, సామాజిక గణాంకశాస్త్రం ఇంకో పేపరు. దేని నోట్సు దానిది, దేని పరీక్ష దానిది. రెండూ కలిసేది ఒక్క చోటే: ఫీల్డ్ ప్రాజెక్టులో. ఆ ప్రాజెక్టు చెడితే చాలావరకు ఊళ్లోనే చెడుతుంది. కై స్క్వేర్ (రెండు విషయాలకు సంబంధం ఉందో లేదో చూసే లెక్క) తప్పు వేస్తే గైడ్ ఎర్ర పెన్నుతో దిద్దుతారు. జాబితాలోకే ఎక్కని తండాను ఏ గైడూ దిద్దలేరు, అది కాగితం మీద కనబడదు కదా. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు ఊళ్లో పని గురించి, తక్కువ మాటలు లెక్క గురించి.

ఉదాహరణకు ఒక ఊరు అనుకుందాం, 420 ఇళ్లు. మన ప్రశ్న: భూమికీ, పనికోసం వలస వెళ్లడానికీ సంబంధం ఉందా? అంకెలన్నీ లెక్క నేర్పడానికి వేసుకున్నవే.

ఊరంటే ఏది?

మొదటి చిక్కు ఇక్కడే. రెవెన్యూ గ్రామం వేరు, గ్రామ పంచాయతీ వేరు, జనం "మా ఊరు" అనేది వేరు. 2011 జనాభా లెక్కలు రెవెన్యూ గ్రామం లెక్కన ఉంటాయి. ఒక రెవెన్యూ గ్రామంలో అసలు ఊరు, దాని శివారు పల్లెలు, తండా అన్నీ కలిసి ఉండొచ్చు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత చాలా తండాలు, గూడేలు వేరే పంచాయతీలయ్యాయి. అంటే ఇవాళ్టి పంచాయతీ ఇళ్ల సంఖ్యను 2011 పట్టికతో పక్కపక్కన పెట్టి "ఊరు చిన్నదైపోయింది" అని రాస్తే అది ఉత్త పొరపాటు. ఊరు చిన్నదవలేదు, తండా విడిపోయింది.

జిల్లా పేరుతో వెతికినా దొరకదు. 2011లో ఉమ్మడి రాష్ట్రానికి 23 జిల్లాలే. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. కాబట్టి పాత జిల్లా, పాత మండలం పేర్లతో వెతికి, ఊరికి ఇచ్చిన ఆరంకెల సెన్సస్ కోడ్ రాసిపెట్టుకోండి. ఇక మీదట పేరుతో కాకుండా కోడ్‌తో పని చేయండి. ఒకే పేరున్న ఊళ్లు మనకు కొల్లలు.

ఏ ఊరైనా ఒకటే అనుకుంటే మాత్రం, ఇదివరకు ఎవరో ఒకరు చూసిన ఊరిని తీసుకోవడం మేలు. 1961 జనాభా లెక్కలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎంపిక చేసిన గ్రామాల మీద విడివిడిగా మోనోగ్రాఫులు వేశారు. మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, దోకూరు గ్రామాలను 1975 నుంచి చూస్తూ వచ్చారు. మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1950ల మొదట్లో చూసిన శామీర్‌పేట ఇప్పుడు హైదరాబాద్ అంచున ఉంది. పాత లెక్క ఉంటే మీ పట్టికకు పోల్చుకోవడానికి ఇంకో కాలమ్ దొరుకుతుంది. వైవాలో అదొక్కటే చాలా ప్రశ్నలకు సమాధానం చెబుతుంది.

ఇళ్ల జాబితా మీరే రాయాలి

పంచాయతీ కార్యదర్శి దగ్గర ఇంటి పన్ను రిజిస్టరు ఉంటుంది. బీఎల్ఓ (పోలింగ్ బూత్ స్థాయి అధికారి) దగ్గర ఓటర్ల జాబితా ఉంటుంది. డీలరు దగ్గర రేషన్ కార్డుల లిస్టు ఉంటుంది. మూడూ చూడండి, మూడింటినీ నమ్మకండి. పన్ను రిజిస్టరు కట్టడాన్ని లెక్కపెడుతుంది, సంసారాన్ని కాదు. ఓటర్ల జాబితాలో పెళ్లై వెళ్లిన ఆడపిల్ల పేరు ఉంటుంది, కొత్తగా వచ్చిన కోడలి పేరు ఉండదు. రేషన్ కార్డు కోసం కాగితం మీద విడిపోయి, ఒకే గిన్నెలో తినే ఇళ్లు ఊరికి పది దొరుకుతాయి.

సర్వేలో "కుటుంబం" అంటే మామూలుగా కలిసి ఉంటూ, ఒకే వంటింటి కూడు తినేవాళ్లు. సెన్సస్ లెక్కా అదే. కాబట్టి గడప దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న "మీరెంతమంది?" కాదు. "ఈ ఇంట్లో ఎన్ని పొయ్యిలు? వంట వేరా, కలిసా?" అని అడగాలి. ఒకే కప్పు కింద తల్లి విడిగా వండుకుంటుంటే రెండు కుటుంబాలు. అన్నదమ్ములు రెండిళ్లలో పడుకుని ఒకచోట తింటుంటే ఒకటే. గ్యాసు స్టవ్వు ఉన్నా ఊళ్లో మాట పొయ్యే, మీరూ ఆ మాటే వాడండి.

జాబితా వేయడానికి ముందు ఊరంతా ఒకసారి నడిచి చేతిపటం గీసుకోండి. వీధులు, గుడి, బడి, బోరు, చెరువు కట్ట, ఎస్సీ వాడ, కాలనీ, శివారు పల్లె, తండా. వాయవ్య మూల నుంచి మొదలుపెట్టి, ఎడమ వైపు ఇళ్లు విడవకుండా పోతే ఒకే ఇల్లు రెండుసార్లు రాదు. ప్రతి ఇంటికీ ఆరు విషయాలు చాలు: వరుస సంఖ్య, ఇంటి నంబరు, పెద్ద పేరు, పొయ్యిల సంఖ్య, ఏ వాడ, తలుపు తెరిచి ఉందా తాళం ఉందా. ఇంతకు మించి అడగడం మొదలుపెడితే జాబితా పని వారం అవుతుంది. ఇద్దరు కలిసి చేస్తే 420 ఇళ్లు మూడు రోజుల పని.

తాళం వేసిన ఇంటిని ఈ దశలోనే చాలామంది వదిలేస్తారు. "ఎవరూ ఉండట్లేదు" అని పక్కింటామె అనగానే ముందుకు నడుస్తారు. అడగాల్సింది ఒకటుంది: "ఎప్పుడు వెళ్లారు, పండక్కి వస్తారా?" రెండేళ్లుగా మూతబడ్డ ఇల్లు జాబితాలోకి రాదు. దీపావళి తర్వాత ఇటుక బట్టీకి వెళ్లి ఉగాదికి తిరిగొచ్చే ఇల్లు తప్పకుండా వస్తుంది. వలస మీద సర్వే చేస్తూ వలస వెళ్లినవాళ్లనే జాబితా నుంచి కొట్టేస్తే ఇక మిగిలేది ఏముంది?

గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ 1983లో రాసిన మాట ఇక్కడ పనికొస్తుంది. బయటి నుంచి వచ్చే పరిశోధకుడు తారు రోడ్డు పక్క ఇళ్లనే, బాటలు ఎండి ఉన్న కాలంలోనే, మాట్లాడగలిగిన మగవాళ్లనే చూసి పోతాడని ఆయన వాదన. మన ఊళ్లలో తారు రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో చూస్తే, ఏ వాడ జాబితాలో తగ్గిందో కూడా తెలిసిపోతుంది.

ఎన్ని ఇళ్లు, ఏ ఇళ్లు

ఏ థీసిస్ తెరిచినా 384 కనిపిస్తుంది. అది 95 శాతం నమ్మకం, అటూ ఇటూ 5 శాతం తేడాకు వచ్చే అంకె. జనాభా చాలా పెద్దదైనప్పుడు సరిపోతుంది. 420 ఇళ్ల ఊళ్లో 384 తిరగడం దండగ. ఊరు చిన్నదైతే సవరణ చేయాలి.

తేడా 8 శాతం చాలనుకుందాం. 1.96ను (95 శాతం నమ్మకానికి వాడే అంకె) 1.96తో, దాన్ని 0.5తో, మళ్లీ 0.5తో (అసలు శాతం ముందే తెలియదు కాబట్టి సగం అనుకుంటాం) గుణించి, 0.08 వర్గంతో భాగిస్తే 150. దాన్ని, ఒకటికి 149 ÷ 420 కలిపితే వచ్చే 1.355తో భాగిస్తే 111. అదే 5 శాతం తేడా కావాలంటే ఇదే ఊళ్లో 201 ఇళ్లు తిరగాలి. తేడా 3 శాతం తగ్గడానికి పని దాదాపు రెండింతలు. ఒక్కరే తిరిగే ఎంఏ ప్రాజెక్టుకు 111 సబబైన అంకె. కొన్ని ఇళ్లు దొరకవు కాబట్టి 120 ఎంచుకుందాం.

420 ÷ 120 = 3.5. ప్రతి మూడున్నర ఇంటికి ఒకటి. ఇక్కడ మూడుకు కుదించొద్దు, నాలుగుకు పెంచొద్దు. సున్నా నుంచి 3.5 లోపు ఒక అంకెను ఎక్సెల్‌లో యాదృచ్ఛికంగా తీయండి. 2.3 వచ్చిందనుకోండి. దానికి 3.5 కలుపుకుంటూ పోతే 2.3, 5.8, 9.3, 12.8. ప్రతిదాన్నీ పై పూర్ణాంకానికి తెస్తే జాబితాలో 3, 6, 10, 13 నంబర్ల ఇళ్లు. చివరిది 419. జాబితా వాడల వరుసలో ఉంది కాబట్టి ఏ వాడా తప్పిపోకుండా, ఏ వాడకు ఎన్ని ఇళ్లుంటే ఆ దామాషాలో వచ్చేస్తాయి. చీటీలు తీయడం కంటే ఈ పద్ధతి మెరుగు.

ఒక ప్రమాదం మాత్రం చూసుకోండి. ప్రభుత్వం కట్టించిన కాలనీల్లో ఇళ్లు వరుసకు పది చొప్పున ఉంటాయి. మీ విరామం, అంటే ఒక ఎంపికకూ ఇంకోదానికీ మధ్య దూరం, సరిగ్గా 10 అయితే ప్రతిసారీ మూల ఇల్లే తగలొచ్చు. మూల ఇంటికి కొట్టు ఉంటుంది, రెండు వైపులా జాగా ఉంటుంది. ఊరంతా కొట్లు నడుపుకుంటున్నట్టు మీ పట్టిక చెబుతుంది.

తండాలో 40 ఇళ్లే ఉంటే ఈ లెక్కన 11 లేదా 12 వస్తాయి. తండా గురించి విడిగా రాయాలంటే అవి చాలవు. అప్పుడు తండాలో 20, మిగతా 380 ఇళ్లలో 95 తీసుకోండి. కానీ మొత్తం ఊరి సగటు చెప్పేటప్పుడు తండా ఇంటిని 2తో, మిగతా ఇంటిని 4తో తూకం వేయాలి. తూకం మరిచిపోతే తండా మీ ఊళ్లో ఉన్నదానికి దాదాపు రెండింతలై కూర్చుంటుంది.

ప్రశ్నలు

నలభై ప్రశ్నలు, నలభై నిమిషాలు. అంతకు మించితే చివరి పది ప్రశ్నలకు జవాబులు "అదే రాసుకోండి" అని వస్తాయి.

భూమి ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అత్యధిక తప్పులు ఇక్కడే. "మీకెంత భూమి ఉంది?" అన్న ప్రశ్నకు పట్టాదారు ఒకటి చెబుతాడు, కౌలురైతు ఒకటి చెబుతాడు. పాసుపుస్తకంలో, అడంగల్‌లో చాలాసార్లు కౌలుదారు కనబడడు. కాబట్టి మూడు ప్రశ్నలుగా విడగొట్టండి: సొంతం ఎంత, కౌలుకు తీసుకున్నది ఎంత, కౌలుకు ఇచ్చింది ఎంత. సొంతానికి తీసుకున్నది కలిపి, ఇచ్చింది తీసేస్తే సాగు భూమి. ఎనిమిదెకరాలు సొంతం ఉండి అంతా కౌలుకిచ్చిన టీచరు, సెంటు భూమి లేకుండా ఆరెకరాలు చేసే కౌలురైతు ఒకే ఊళ్లో ఉంటారు. ఒక్క ప్రశ్నతో ఇద్దరినీ తారుమారు చేసేస్తాం.

కొలత ఇంకో ఉచ్చు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు. "మూడు ఇరవై" అని తెలంగాణ రైతు అంటే 3 ఎకరాల 20 గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఆంధ్ర రైతు అదే అంటే 3.2 ఎకరాలు. రెండింటినీ 3.20 అని ఎక్సెల్‌లో కొడితే అది 3.2 అని చూపించి ఊరుకుంటుంది. తప్పు జరిగినట్టు ఏ గుర్తూ ఉండదు. ఫారంలో ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఇంకో గడి పెట్టండి. గుంటల గడిలో 39 దాటిన అంకె కనిపిస్తే ఎవరో సెంట్లు రాశారని అర్థం. ఆ తర్వాత గుంటలను 40తో భాగించి ఎకరాలకు కలపండి. తరగతులు వ్యవసాయ గణన ప్రకారం వేయాలంటే ఒక హెక్టారు లోపు సన్నకారు, ఒకటి నుంచి రెండు హెక్టార్లు చిన్నకారు. హెక్టారంటే 2.47 ఎకరాలు.

పంట గురించి అడిగితే బస్తాల్లో చెబుతారు. బస్తా ఎన్ని కిలోలదో కూడా రాయాలి. గోదావరి డెల్టాలో ధాన్యం బస్తా 75 కిలోల లెక్క. తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో సంచికి 40 కిలోలు తూస్తారు. కాలం పేరు కూడా అక్కడి మాటే వాడండి: ఒకచోట వానాకాలం, యాసంగి. ఇంకోచోట సార్వా, దాళ్వా.

"మీ నెల ఆదాయం ఎంత?" అనేది ఊళ్లో జవాబు లేని ప్రశ్న. జీతగాడికి తప్ప ఎవరికీ నెల ఆదాయం ఉండదు. పంట పంటకు, పని పనికి విడగొట్టి, కూలి రోజులు, రోజు కూలి విడిగా అడిగి మీరే లెక్కకట్టుకోండి. రోజువారీ ఖర్చుకు గడిచిన 7 లేదా 30 రోజులు, పెళ్లి, ఆసుపత్రి లాంటి పెద్ద ఖర్చుకు గడిచిన 365 రోజులు. "ఏడాదికి కూరగాయలకెంత?" అని అడిగితే నోటికొచ్చిన అంకె వస్తుంది.

వలసకు నిర్వచనం ముందే రాసిపెట్టుకోవాలి. జాతీయ నమూనా సర్వే 64వ రౌండులో, అంటే 2007–08లో, గడిచిన 365 రోజుల్లో పని కోసం నెల నుంచి ఆరు నెలల లోపు ఊరు విడిచి ఉన్నవాళ్లను స్వల్పకాలిక వలసదారులుగా లెక్కించారు. అదే తీసుకుంటే మీ అంకెను పోల్చుకోవచ్చు. రోజూ బస్సెక్కి పట్నంలో పనికి పోయి వచ్చేవాళ్లు ఇందులోకి రారు, వాళ్లకు వేరే గడి పెట్టండి.

ఆడవాళ్ల పని గురించి ఇంటాయనను అడిగితే "ఏం లేదు, ఇంట్లోనే ఉంటది" అంటాడు. ఆ ఇంటామె పొద్దున రెండు గేదెల పాలు పితికి, పది గంటలకు కలుపు తీయడానికి పోయి ఉంటుంది. "పని చేస్తారా?" అని కాకుండా పనుల జాబితా చదవండి: పాలు పితకడం, మేత కోయడం, నాట్లు, కలుపు, పత్తి తీయడం, ఉపాధి పని, బీడీలు చుట్టడం, మిషను కుట్టడం. ఒక్కోదానికి అవును, కాదు. వీలైతే ఆమెనే అడగండి.

పెద్దవాళ్లకు వయసు అడిగితే అరవై, డెబ్భై అని గుండ్రంగా చెబుతారు. సంఘటనలతో కట్టాలి. "దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మీకు పెళ్లయిందా?" అది 1977 నవంబరు. "రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పెద్దోడు పుట్టాడా?" అది 1983. తెలంగాణలో 1969 ఉద్యమం, విశాఖ వైపు 2014 హుద్‌హుద్. ఆ ఊరి చెరువు తెగిన ఏడు లాంటివి ఊళ్లోనే తెలుసుకుని పది సంఘటనల చీటీ జేబులో పెట్టుకోండి. సర్వే అయ్యాక 23 నుంచి 62 ఏళ్లవాళ్లను తీసుకుని, వయసు చివర 0 లేదా 5 ఉన్నవాళ్లు ఎంతమందో చూడండి. అయిదో వంతు దగ్గర ఉండాలి. సగం ఉంటే మీ వయసులన్నీ అంచనాలే.

కులం ప్రశ్నను చివరికి పెట్టండి. మీరు అడిగేలోపే "మీరేవుట్లు?" అని వాళ్లు అడగొచ్చు, దానికి మొహం చిట్లించకుండా జవాబు చెప్పడానికి సిద్ధపడి వెళ్లండి. వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే రాయండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ అన్న పెట్టెల్లో వేయడం రాత్రి పని.

ఈ ఫారంతో ముందు పక్క ఊళ్లో పది ఇళ్లు తిరగండి. మీ ఊళ్లో కాదు, ఆ పది ఇళ్లు పాడైపోతాయి. ఎక్కడ అవతలివాళ్లు "అంటే?" అని అడిగారో ఆ ప్రశ్నను తిరగరాయాలి.

ఇంటింటికీ

విభాగం లెటర్‌హెడ్ మీద గైడ్ సంతకంతో ఒక ఉత్తరం, దాని నకలు సర్పంచికి, కార్యదర్శికి. ఇచ్చి, చాయ్ తాగి, అక్కడితో ఆగండి. సర్పంచి బండి వెనక కూర్చుని సర్వే చేస్తే ఆయన వాడలో ఒక రకం జవాబులు, అవతలి పార్టీ వాడలో ఇంకో రకం జవాబులు వస్తాయి.

గడపలో మొదటి మాట ఇలా ఉండాలి: ఎవరు, ఎక్కడి నుంచి, ఎంతసేపు పడుతుంది, జవాబు ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు, దీనివల్ల పింఛను గానీ ఇల్లు గానీ రాదు, ఉన్నది పోదు. చివరి రెండూ మరిచిపోతే ఊరంతా భూమి తగ్గించి, అప్పు పెంచి చెబుతుంది. మిమ్మల్ని పథకాల వాళ్లనుకుంటారు కాబట్టి అలా చెప్పడం న్యాయమే. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ఏ ఫారంలోనూ వద్దు. వాటితో మీకు పని లేదు.

వేళ చూసుకోవాలి. నాట్ల రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో ఎనిమిదింటికే ఊరు ఖాళీ. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిలోపు, సాయంత్రం ఆరు దాటాక దొరుకుతారు. మధ్యాహ్నం పదకొండింటికి దొరికేది ముసలివాళ్లు, కొట్టువాళ్లు, ఉద్యోగం నుంచి దిగినవాళ్లు. ఒక మనిషి రోజుకు ఐదారు ఇళ్లు చేయగలరు. పది చేశామంటే సగం ఊహించి రాసినట్టే.

ఎంచుకున్న ఇంటికి తాళం ఉంటే వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లండి. అప్పటికీ దొరక్కపోతే పక్కింటితో పూరించకండి. పక్కిల్లు దొరకడానికి కారణం వాళ్లు ఊళ్లో ఉండటమే. ఊళ్లో ఉన్నవాళ్లతో ఊళ్లో లేనివాళ్ల స్థానం నింపితే వలస తగ్గి కనిపిస్తుంది. పక్కవాళ్లను అడిగి కారణం రాయండి: పనికి వెళ్లారు, ఆసుపత్రి, పిల్లల చదువు, తెలియదు.

ఇద్దరు పరిశోధకులుంటే సరిసంఖ్య ఇళ్లు ఒకరికి, బేసి ఇళ్లు ఇంకొకరికి పంచండి. ఒక వాడ ఒకరికి, ఇంకో వాడ ఒకరికి వద్దు. ముప్ఫయ్యేసి ఇళ్లయ్యాక ఇద్దరి సగటులు పోల్చండి. ఒకరికి అప్పున్న ఇళ్లు 70 శాతం, ఇంకొకరికి 30 శాతం వస్తే తేడా ఊళ్లో లేదు, అడిగే తీరులో ఉంది. నమూనాను ఇలా ముడిపెట్టి పంచి, అడిగేవాళ్ల తప్పును పట్టుకునే పద్ధతి మన దేశంలో గణాంకవేత్త మహలనోబిస్ ప్రవేశపెట్టిందే.

ఏ రోజు ఫారం ఆ రోజు రాత్రే చదవాలి. కుటుంబంలో ఐదుగురని రాసి నలుగురి వయసులే ఉంటే రేపు పొద్దున్నే వెళ్లి అడగొచ్చు. నెల తర్వాత అడగలేరు. చదివాక ప్రతి పేజీకి ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని రాంపుర గ్రామంలో చేసిన పని తాలూకు నోట్సు 1970లో అమెరికాలో ఆయన ఉన్న కేంద్రానికి ఎవరో నిప్పు పెడితే కాలిపోయింది. జ్ఞాపకం మీద ఊరంతా తిరిగి రాయడం ఆయనకు చెల్లింది.

లెక్క

120లో 112 ఇళ్లు పూర్తయ్యాయి, 6 తాళాలు, 2 ఇళ్లవాళ్లు మాట్లాడబోమన్నారు అనుకుందాం.

ఎక్సెల్‌లో ఒక వరుస ఒక ఇల్లు. భూమి లేకపోతే 0. చెప్పకపోతే ఖాళీ గడి, పక్క కాలమ్‌లో "చెప్పలేదు". కొందరు చెప్పనిదానికి 999 కొడతారు, తర్వాత సగటు తీస్తే ఊళ్లో ఎవరికీ లేనంత భూమి వస్తుంది. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, పీఎస్‌పీపీ, జమోవి, ఆర్ మూడూ ఉచితమే.

భూమికి సగటు చెప్పకండి, మధ్యగతం (చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో పెడితే నడుమ వచ్చే అంకె) చెప్పండి. పది ఇళ్లకు 0, 0, 0, 0.5, 1, 1, 1.5, 2, 3, 21 ఎకరాలు ఉన్నాయనుకోండి. సగటు మూడెకరాలు. పదింట్లో ఎనిమిది ఇళ్లకు ఆ సగటు లేదు. మధ్యగతం ఒక ఎకరం, ఊళ్లోవాళ్లు ఒప్పుకునే అంకె అదే.

ఇప్పుడు పట్టిక:

భూమి లేనివి 40 ఇళ్లు: వలస ఉన్నవి 22, లేనివి 18
2.5 ఎకరాల లోపు 48 ఇళ్లు: వలస ఉన్నవి 18, లేనివి 30
2.5 ఎకరాలు, ఆపైన 24 ఇళ్లు: వలస ఉన్నవి 4, లేనివి 20
మొత్తం 112: వలస ఉన్నవి 44, లేనివి 68

ముందు శాతాలు. ఏ కారణంగా వలస అని అనుకుంటున్నామో ఆ వైపు, అంటే భూమి వరుసల్లో తీయాలి: 55, 37.5, 16.7. నిలువుగా తీస్తే "వలస వెళ్లిన ఇళ్లలో సగం భూమి లేనివి" అని వస్తుంది. అది నిజమే కానీ మనం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

కై స్క్వేర్ చేత్తో ఒకసారైనా వేయాలి. భూమికీ వలసకూ సంబంధమే లేకపోతే మొదటి గడిలో ఎంత ఉండాలి? 40 × 44 ÷ 112 = 15.71. ఉన్నది 22. తేడా 6.29, దాని వర్గం 39.5, దాన్ని 15.71తో భాగిస్తే 2.51. ఇలాగే మిగతా గడులు: 1.63, 0.04, 0.03, 3.13, 2.02. మొత్తం దాదాపు 9.35. వరుసలు మూడు, నిలువులు రెండు కాబట్టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (రెండింటిలోంచీ ఒక్కొక్కటి తగ్గించి గుణిస్తే వచ్చేది) 2, దానికి 5 శాతం స్థాయిలో హద్దు 5.99. మనది దాటింది. చేత్తో వేస్తే ఇంకోటి కూడా కనబడుతుంది: నడిమి వరుస నుంచి వచ్చింది దాదాపు సున్నా. తేడా అంతా రెండు చివరల నుంచే. సాఫ్ట్‌వేర్ 9.35 మాత్రమే చూపించి ఊరుకుంటుంది.

సంబంధం ఉందని తేలింది కానీ ఎంత గట్టిదో తేలలేదు. 9.35ను 112తో భాగించి వర్గమూలం తీస్తే 0.29. దీన్ని క్రామర్స్ వి అంటారు, 0 నుంచి 1 మధ్య ఉంటుంది. 0.29 ఓ మోస్తరు. "భూమే వలసను నిర్ణయిస్తోంది" అని రాయడానికి అది చాలదు.

ఊహించిన అంకె ఏ గడిలోనైనా 5 కంటే తగ్గితే పక్క తరగతులు కలపండి. భూమిని ఏడు తరగతులు చేసి 112 ఇళ్లను పంచితే గడులు పలచబడిపోతాయి. ఇంకో సంగతి: గైడ్‌కు తెలిసిన ఇళ్లు, దగ్గరి ఇళ్లు ఏరుకుని ఉంటే ఈ పరీక్ష వేయడంలో అర్థం లేదు. యాదృచ్ఛికంగా ఎంచిన ఇళ్లకే ఈ హద్దులు వర్తిస్తాయి.

మొత్తం మీద వలస ఉన్న ఇళ్లు 44 ÷ 112, అంటే 39.3 శాతం. చిన్న ఊరి సవరణతో కలిపి తేడా అటూ ఇటూ 7.8. అంటే ఊళ్లో ఆ శాతం 31.5 నుంచి 47.1 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. "39.29 శాతం" అని రెండు దశాంశాలు రాయడం ఈ నమూనాతో హాస్యాస్పదం. ఇది ఈ ఊరి సంగతే, జిల్లా సంగతి కాదు.

ఇక ఆ ఆరు తాళాలు. ఆరిళ్లవాళ్లూ పనికే వెళ్లారని పక్కవాళ్లు చెప్పారనుకుంటే వలస ఉన్న ఇళ్లు 118లో 50, అంటే 42.4 శాతం. మూడు శాతం తేడా. రెండు అంకెలూ రాయండి: మాట్లాడిన ఇళ్ల లెక్క ఒకటి, పక్కవాళ్ల మాట కలిపిన లెక్క ఒకటి. భూమి పట్టికలో మాత్రం ఆ ఆరింటినీ చేర్చకండి, వాళ్లకెంత భూమో పక్కింటివాళ్లు కచ్చితంగా చెప్పలేరు. పద్ధతి అధ్యాయంలో ఒక పేరాలో ఇది ఉండాలి: జాబితాలో 420, ఎంచుకున్నవి 120, పూర్తయినవి 112, తాళాలు 6, వద్దన్నవి 2, ఏ నెలలో తిరిగారు, తాళం ఇంటికి ఎన్నిసార్లు వెళ్లారు.